కరారు ఇరువురిదా, ఒక్కరిదా?

నిజామాబాదు బజారులలో నేడు కనబడు పేరుపలకలలో పెక్కులు ఊరివి కావు. దుకాణము మనవానిది, కిరాయి మనవాడు కట్టును, పనివాండ్రకు జీతము మనవాడిచ్చును. పలకమీది పేరుమాత్రము దూరనగరమందలి కంపెనీది. ఆ పేరునకు ముందుగా ఫీజు, తరువాత అమ్మకములో వంతు. దీనినే ఫ్రాంచైజీ యందురు. ఈ వర్తకపద్ధతి చెడ్డదని మేమనము. మా తగవు కరారునామాలతో.

ఆ కరారులలో అనేకములందు కంపెనీ ముప్పది దినముల నోటీసుతో తొలగిపోవచ్చును. దుకాణదారుడో, అయిదేండ్లు కదలరాదు. కదలినచో డిపాజిటు పోవును. వివాదము వచ్చెనా, కంపెనీ యున్న నగరమునకేగి మధ్యవర్తియెదుట నిలువవలెను. ఇది కరారా, వెట్టియా?

"దస్తఖతు చేసితివి, ఇక నోరెత్తకుము" అని కంపెనీవారు బెదరింతురు. చట్టము చెప్పు మాట అది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 19వ సెక్షను ప్రకారము, మోసముచేతగాని అసత్యపు లాభములెక్కలు చూపిగాని సమ్మతి పొందినచో, మోసపోయినవాడు కరారును రద్దుచేసికొనవచ్చును. ఎదుటివాడు తన మాటను సాంతము నెరవేర్చ నిరాకరించినచో 39వ సెక్షను విడుదలనిచ్చును. న్యాయముగా రద్దుచేసినవానికి 75వ సెక్షను నష్టపరిహారమునుగూడ నిచ్చును. జరిమానా యెంత వ్రాసికొన్నను, 74వ సెక్షనుచేత కోర్టు ఇప్పించునది న్యాయమైన పరిహారమే. వ్రాసిన మొత్తము దానికి మించరాని హద్దు. అయితే మోసము తెలిసిన పిమ్మటను సరుకు తెప్పించుకొనుచు ఊరకున్నవాడు కరారును ఒప్పుకొన్నట్లే యెంచబడును. కావున తెలిసిన వెంటనే వ్రాతమూలకముగా తెలుపవలెను. పొందిన లాభమును తిరిగి యీయవలెను. మన వర్తకులు తరచుగా వకీలువద్దకు పోవునది అంతయు మునిగిన తరువాతనే!

మోసము లేక కేవలము వ్యాపారము సాగనిచో ఈ సెక్షనులు ఆదుకొనవు. అచ్చటనే మన లోటు. ఆస్ట్రేలియాలో 2021 నుండి క్రొత్త ఫ్రాంచైజీదారునికి మనసు మార్చుకొనుటకు 14 దినముల గడువు కలదు. అమెరికాలో దస్తఖతునకు 14 దినములు ముందుగా కంపెనీ తన వివరములన్నియు కాగితముపై పెట్టవలెను. మన దేశమున ఫ్రాంచైజీలకు ప్రత్యేకచట్టమే లేదు.

చిన్నవానికే ఈ గతి యనుకొనరాదు. ఫ్రాంచైజీ కాకున్నను, కరారునుండి బయటపడలేని దుస్థితిని బోధనులో చూచితిమి. 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో నూటికి 51 వంతులు 2002లో ప్రైవేటు చేతికి పోయెను. సర్కారునకు 49 మిగిలెను. 2004లో ఏర్పడిన శాసనసభాసంఘము ఆ అమ్మకమును రద్దుచేయుమని సిఫారసు చేసెను. రద్దు కాలేదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడెను. 2019లో లిక్విడేషనుకు ఉత్తర్వయ్యెను. కార్మికులు వీధిపాలైరి; చెరకు బండ్లు వేరు ఫ్యాక్టరీల వాకిళ్లకు పోయెను. ఇందరు వకీళ్లుగల సర్కారే బయటపడలేకపోగా, మిఠాయి దుకాణమువాడు బయటపడునా?

పేరును కాపాడుకొనవలెనని కంపెనీలు వాదించును. సరియే, తొలగువాడు పలక దించి పోవుగాక. కాని నోటీసుగడువు ఇరువురకు సమానముగా నుండవలెను. కరారు తెలుగులో చదువుకొనుటకు అందవలెను. తగవు దుకాణమున్న జిల్లాలోనే తీరవలెను. కరారులు రాజ్యాంగమున ఉమ్మడి జాబితాలోనివి. ఢిల్లీ నిద్రించినచో హైదరాబాదు శాసనసభ బిల్లు తేవచ్చును. ఓట్లకై వచ్చు ప్రతి అభ్యర్థిని ఆ బిల్లు ఎప్పుడు తెచ్చెదవని మన వర్తకులు బజారులోనే నిలబెట్టి అడుగవలెను.