మా పిల్లలు దూరం పోతున్నది ఆట పిచ్చితో కాదు!

జూన్ నెల వస్తే చాలు, రచ్చబండ మీది పెద్దమనుషులకు మన పిల్లల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. "పల్లెలో ఫలానా వాళ్ళ పిల్ల పంజాబు పోతందంట. బంతాట కోసమంట. పక్క టౌనులో డిగ్రీ కాలేజీ లేదా? ఆడపిల్లని రెండ్రోజుల రైలెక్కించి పంపుతారా ఎవరన్నా?" అంటాడొకాయన. "ఆట పిచ్చి పట్టింది, తిరుగుళ్ళు మరిగింది" అంటాడు ఇంకొకాయన. పొద్దు తిరిగేసరికి ఆ మాట కూలి చేలో పిల్ల తల్లి చెవిన పడుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

అయ్యా, మేము అడుగుతున్నాం. అదే తల్లి కొడుకు బెంగుళూరు పోయి సెంట్రింగు పని చేస్తుంటే మీరెప్పుడన్నా రచ్చబండ మీద పంచాయితీ పెట్టారా? మా ఆడోళ్ళు మిరపకోతలకు జిల్లాలు దాటిపోయి, చేలగట్ల మీద పట్టాలు కప్పుకుని నెలల తరబడి పడుకున్నప్పుడు "అయ్యో ఆడపిల్లలు, అంత దూరమా" అని ఒక్కరన్నా అన్నారా? అనలేదు. కూలికైతే ఎంత దూరమైనా దగ్గరే. చదువుకీ ఆటకీ అయితేనే దూరం!

సాఫ్ట్‌బాల్ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జట్టుకు 9 మంది. బంతి వేసే పిల్ల చెయ్యి కింద నుంచి తిప్పి విసరాలి. కొట్టిన పిల్ల మూడు బేసులు తొక్కి, బయలుదేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. 1887లో అమెరికాలో, షికాగో నగరంలో ఒక క్లబ్బు గదిలో ఈ ఆట పుట్టింది. ఆ రోజు బంతి ఏది? తాడుతో బిగించి కట్టిన బాక్సింగు గ్లవ్వు. బ్యాటు ఏది? చీపురు కర్ర! 1996 నుంచి 2008 దాకా ఒలింపిక్సులో ఆడవాళ్ళు దీన్ని ఆడారు. 2021లో టోక్యోలో ఆడారు. 2028లో లాస్ ఏంజెలిస్‌కు ఈ ఆట మళ్ళీ ఒలింపిక్సులోకి వస్తోంది.

చీపురు మనకు కొత్తా? తరతరాలుగా మన చేతికిచ్చి ఊరంతా ఊడవమన్నారు. ఆ కర్రతో పుట్టిన ఆటను మన పిల్ల ఆడతానంటే పిచ్చి అంటున్నారు. తోలు మనకు కొత్తా? చచ్చిన గొడ్డును మోసి, ఒలిచి, లందలో ఊరేసి, ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టిన మాదిగ తాత మనవరాలికి ఒక తోలు గ్లవ్వు కొనిచ్చే దిక్కు లేదు ఈ రాజ్యంలో!

ఇక లెక్కకొద్దాం. మన పిల్లలు లెక్క చూసుకునే పోతున్నారు.

కేంద్ర ప్రభుత్వ గ్రూపు సి ఉద్యోగాల్లో క్రీడాకారులను తీసుకునే పద్ధతి ఉంది. ఆ ఆటల జాబితాలో సాఫ్ట్‌బాల్ ఉంది. దేశానికో రాష్ట్రానికో ఆడినవాళ్ళు, జాతీయ స్కూలు పోటీల్లో రాష్ట్రం జట్టులో ఆడినవాళ్ళు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్ళు అర్హులు. అంటే డిగ్రీ చదివే మూడు నాలుగేళ్ళలో యూనివర్సిటీ జట్టులో ఆడినట్టు ఒక కాయితం సంపాదించుకుంటే, సెంటు భూమి లేని ఇంటి పిల్లకు అది ఎకరం పొలంతో సమానం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రీడా విధానం ప్రకటించి ఉద్యోగాల్లో ఆటగాళ్ళ కోటా 2 శాతం నుంచి 3 శాతం చేస్తామంది. సంతోషం! కానీ ఆ కాయితం పుట్టే చోటు ఏది?

యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కావాలంటే ముందు కాలేజీకి జట్టుండాలి. జట్టుండాలంటే ఆడే పిల్లలు 9 మందికి తగ్గకూడదు. వాళ్ళకు గ్లవ్వులు, బ్యాట్లు, క్యాచరుకు మొహానికీ రొమ్ముకీ కాపు కావాలి. గ్రౌండు కావాలి. నేర్పే పీడీ కావాలి. పక్క టౌను కాలేజీల్లో మేము చూస్తున్నదేంటి? ఆటల ఫీజు వసూలు చేస్తారు, ఆటల సామాను గదికి తాళం తీయరు. పీడీ ఉన్నచోట ఆయనకు అడ్మిషన్ల పనీ పరీక్షల పనీ అప్పజెబుతారు. లేనిచోట ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. హైస్కూల్లోనో హాస్టల్లోనో ఓ మంచి పీఈటీ చేతిలో తయారైన పిల్ల అక్కడ చేరితే ఏమవుతుంది? మూడేళ్ళు బస్సులో పోయి బస్సులో వస్తుంది. గ్లవ్వు దూలానికి వేలాడుతుంది.

ఒక పిల్లతో మాట్లాడాం. పేరు వద్దు. "అక్కడ పొద్దున రెండు గుడ్లు పెడతారంట అన్నా, సాయంత్రం గ్రౌండులో లైట్లేస్తారంట, ఫీజు అడగరంట" అంది. ఆట పిచ్చా ఇది? ఇది ఆకలి లెక్క, ఫీజు లెక్క, ఉద్యోగం లెక్క. రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళ కంటే ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చు.

అక్కడి యూనివర్సిటీలు ఇవన్నీ ఎందుకు పెడుతున్నాయి? మన మీద ప్రేమతో కాదు. ఆటల్లో దేశంలోకెల్లా ముందున్న యూనివర్సిటీకి ఏటా మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీ ఇస్తారు. 1956-57 నుంచీ ఉంది. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ దాన్ని ఇరవైసార్లకు పైగా గెలుచుకుంది. ఇప్పుడు ప్రైవేటు యూనివర్సిటీలూ ఆ పోటీలో దిగాయి. పతకాలొస్తే పేరు, పేరొస్తే అడ్మిషన్లు. వాళ్ళకు పతకం కావాలి, మన పిల్లకు కాయితం కావాలి. ఇది బేరం. బేరమని తెలిసే పోవాలి. పంజాబులో 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు 31.9 శాతం, దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంతమంది లేరు. జలంధర్‌లో ఆట సామాను తయారుచేసే పనిలో మనలాంటి తోలుపని కులాల చేతులే ఎన్నో ఉన్నాయి. పోయిన చోట మనవాళ్ళు లేరనుకోవద్దు.

లెక్కలు ఒక ఎత్తు. ఊరు ఇంకో ఎత్తు. దాని గురించి రచ్చబండ మాట్లాడదు, మేము మాట్లాడతాం.

ఊరి గ్రౌండు ఎవరిది? కాయితాల మీద బడిది. కానీ అది ఉండేది ఊళ్ళో, పల్లెలో కాదు. సీజనొస్తే అందులో ఆసాముల వడ్లు ఆరతాయి. మన పిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని ఆ బజారున నడిస్తే ఎన్ని కళ్ళు, ఎన్ని కూతలు! 2023 జూన్‌లో గుజరాత్‌లో పటాన్ జిల్లా కాకోశి ఊళ్ళో ఏం జరిగింది? క్రికెట్ ఆడుతుంటే దొర్లొచ్చిన బంతిని ఒక దళిత పిల్లోడు చేత్తో తీశాడు. అందుకు ఆ పిల్లోడి దగ్గరి బంధువు బొటనవేలు నరికారు! ఏకలవ్యుడి కథ పురాణమని ఎవరన్నా అంటే ఆ ఊరు చూపించండి.

ఆడి గెలిస్తే కులం పోతుందా? పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసినవాడు. అంతటివాడికి పూనాలో తోటి ఆటగాళ్ళు లోపల టీ తాగుతుంటే బయట మట్టి ముంతలో పోశారు. వందనా కటారియా 2021లో టోక్యో ఒలింపిక్సులో దేశం కోసం ఒకే మ్యాచిలో మూడు గోళ్ళు కొట్టింది. సెమీఫైనల్లో జట్టు ఓడిన రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే కులం బిడ్డ!

దూరం పోతే కులం తప్పిపోతుందని మేము చెప్పడం లేదు. హైదరాబాదు యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయాడు. యూనివర్సిటీ గేటు దాటి కులం లోపలికి వస్తుంది. కానీ ఊళ్ళో పిల్ల పుట్టకముందే దాని కులం అందరికీ తెలుసు. అక్కడ ముందు "ఎంత వేగంగా విసురుతావు?" అని అడుగుతారు. కులం తర్వాత అడుగుతారు. ఆ నడిమధ్య దొరికే నాలుగు రోజులు మన పిల్లలకు ఊపిరి. ఆ ఊపిరి కోసం పోతున్నారు.

ఇప్పుడు మనవాళ్ళతో ఒక మాట. అమ్మలారా, అయ్యలారా, రచ్చబండ మాట పట్టుకుని పిల్లను ఆపకండి. "పద్దెనిమిది నిండాయి, సంబంధం చూద్దాం" అనకండి. బాబాసాహెబ్ 1913లో సముద్రాలు దాటి కొలంబియా యూనివర్సిటీకి పోకుండా ఇంటి పక్కనే ఉండిపోయి ఉంటే మనకు ఈ మాట్లాడే నోరే ఉండేదా? కొడుకు దూరం పోతే "ప్రయోజకుడు", కూతురు పోతే "తిరుగుబోతు" అనే మాట మనువుది. అది మన పల్లెలో వినపడకూడదు.

అలాగని కళ్ళు మూసుకుని పంపొద్దు. కార్యకర్తలు ఈ నెలలో ఇల్లిల్లూ తిరిగి ఈ పని చెయ్యాలి. ఫీజు మాఫీ, హాస్టలు, భోజనం ఎన్నేళ్ళో నోటిమాట కాదు, రాసివ్వమని అడగాలి. భుజమో మోకాలో దెబ్బతిని ఆడలేకపోతే సీటు ఉంటుందా, వైద్యం ఎవరిదో అడగాలి. అక్కడ ఇప్పటికే చదువుతున్న మన పిల్లలతో ఫోనులో మాట్లాడించాలి. ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గుర్ని కలిపి పంపాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు పథకంలో ఎస్సీ విద్యార్థి వేరే రాష్ట్రంలో చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలని ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. "బయటి రాష్ట్రం కుదరదు" అని ఆఫీసులో గుమాస్తా అంటే, ఆ మాట కాయితం మీద రాసివ్వమనండి. అప్పుడు తెలుస్తుంది.

ఇక ప్రభుత్వాలకు మా మాట. దూరం పోయే హక్కు మా పిల్లలది. పోక తప్పని గతి పట్టించిన నేరం మీది! 2016లో తెలంగాణలో ఎస్సీ ఆడపిల్లల కోసం 30 గురుకుల డిగ్రీ కాలేజీలు పెట్టారు. తిండీ పడకా ఉన్న కాలేజీ పెడితే ఆడపిల్లలు చదువుతారని అవే సాక్ష్యం. మరి మిగతా కాలేజీల సంగతేంటి? ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పీడీ ఖాళీ నింపండి. వసూలు చేసిన ఆటల ఫీజు ఎక్కడ ఖర్చయిందో నోటీసు బోర్డు మీద పెట్టండి. హాస్టల్లో ఆడే పిల్లకు తిండి ఖర్చు పెంచండి. జట్టు లేని కాలేజీల పిల్లలు కూడా యూనివర్సిటీ సెలక్షన్లకు నేరుగా వచ్చే దారి ఇవ్వండి. పల్లె పక్కన గ్రౌండు ఇవ్వండి. గ్రౌండు మీద మొదటి హక్కు ఆరబోసిన వడ్లది కాదు, ఆడే పిల్లలదని పంచాయితీలో తీర్మానం చెయ్యండి.

అంతదాకా మా పిల్లలు పోతారు. అమృత్‌సర్ అయినా పోతారు, అంతకంటే దూరమైనా పోతారు. ఈ ఆటలో బయలుదేరిన చోటికి తిరిగొస్తేనే పరుగు. మా పిల్లలూ తిరిగొస్తారు. చేతిలో కాయితంతో వస్తారు, తల ఎత్తుకుని వస్తారు, పల్లె పిల్లలకు ఆట నేర్పడానికి వస్తారు. ఆ రోజు ఊరి గ్రౌండు ఎవరిదో తేలుతుంది.

జై భీం!