కెమెరా కొంటున్నావా బ్రదర్?

‘అప్పు చేసైనా పెద్ద కెమెరా కొనాలనుంది, ఏది కొనను?’ అని అడగని కుర్రాడు లేడీమధ్య! ముందు ఆ అప్పు మాట మానెయ్, బ్రదర్. (చెల్లెళ్లకీ ఇదే సలహా!) సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి, దానికో 50 ఎం.ఎం. లెన్సు చాలు. దానికి జూమ్ ఉండదు. మొహం దగ్గరగా కావాలంటే నువ్వే నాలుగడుగులు వేయాలి. బేరం కుదిరేముందు లెన్సుని వెలుతురుకెత్తి చూడు. లోపల సాలెగూడులా బూజు కనిపించిందా, ఎంత చవకైనా వద్దు.

ఇక పాఠమంటావా? ‘మాయాబజార్’ (1957) మళ్లీ చూడు. కథ కోసం కాదు, మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల కోసం! ఏ మొహం మీద వెలుగు ఎటునుంచి పడిందో గమనించు. తర్వాత అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి తియ్యి. ‘నాకెందుకురా ఫొటోలు’ అంటుంది. అననీ, తియ్యి.