ఆసియా కప్పు చూపుచున్న నిజము

2025 అక్టోబరు 14వ తేదీన గోవాలోని ఫతోర్దా మైదానమున సింగపూరు జట్టు చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 1–2 గోలుల తేడాతో పరాజితమగుటతో, 2027లో సౌదీ అరేబియాలో జరుగనున్న ఆసియా కప్పునకు మన దేశము అర్హత పొందు ఆశ అంతరించినది. ఆ ఆటలో మొదట గోలు చేసినవారు మనవారే. సొంత గడ్డ మీద, సొంత ప్రేక్షకుల నడుమ, ముందంజలో నుండి కూడ ఓడినారు. అంతకు పూర్వము జూన్ నెలలో హాంకాంగ్ చేతిలో, ఆ తరువాత నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో సైతము ఒక్కొక్క గోలు తేడాతో ఓటమి తప్పలేదు. ఒకనాడు ఎనిమిది జట్లకును, అంతకు మునుపు నాలుగు జట్లకును మాత్రమే చోటుండిన ఆసియా కప్పులో నేడు ఇరువది నాలుగు జట్లు ఆడుచున్నవి. ఖండమందలి ఫుట్‌బాల్ సంఘములలో సగమునకు ప్రవేశము లభించుచున్న పోటీలో, నూటనలుబది కోట్ల జనసంఖ్య గల దేశమునకు ప్రవేశము లభించలేదు. ఈ వార్తపై తెలుగునాట జరుగవలసినంత చర్చ జరుగలేదనియే నా అభిప్రాయము. జరుగవలెనని కోరుటకు కారణము గలదు: భారత ఫుట్‌బాల్ వైభవమునకు మూలస్తంభములలో ఒకటి మన హైదరాబాదు నగరము.

ఆసియా కప్పు చరిత్రలో మన దేశపు స్థానమును తలచినపుడు మొదట ఆశ్చర్యము గొలుపు సంగతి యొకటి కనబడును. మనకు సామర్థ్యము మిక్కుటముగా నున్న దినములలో మనము ఆ పోటీలో లేము. 1956లో హాంకాంగ్‌లో తొలి ఆసియా కప్పు జరిగినపుడు భారతదేశము పాల్గొనలేదు. అదే సంవత్సరము చివర మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి, నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా, నాలుగవ స్థానమున నిలిచినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఖండపు జట్టు సెమీఫైనలునకు చేరుట అదియే మొదటిసారి. 1960 నాటి ఆసియా కప్పునకు అర్హతా పోటీలు మన కొచ్చిలోనే జరిగినను, మన జట్టు గట్టెక్కలేకపోయెను. ఒలింపిక్సునకును, ఆసియా క్రీడలకును ఇచ్చిన గౌరవమును మన అధికారులు ఈ పోటీకి ఇచ్చినట్లు తోచదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరానుపై గెలిచి స్వర్ణపతకము నందిన జట్టునకు, ఖండపు కప్పు అదనపు అలంకారము వలె తోచియుండవచ్చును. ఆ ఉపేక్షకు మూల్యము తరువాతి తరములు చెల్లించినవి.

1964లో ఇస్రాయేలులో జరిగిన మూడవ ఆసియా కప్పులో మాత్రము భారతదేశము ఆడినది. ద్వితీయ స్థానము గైకొన్నది. మన పాఠకులలో పెక్కురకు ఈ విషయము తెలియదు. దక్షిణ కొరియాతో జరిగిన తొలి ఆటలో 2–0 గోలులతో గెలిచితిమి. ఆ గోలులలో మొదటిది ఆట ప్రారంభమైన రెండవ నిమిషముననే చేసినవాడు అప్పలరాజు. ఉత్తరాంధ్రలో ఏ ఊరికి పోయి పిలిచినను ఇద్దరు ముగ్గురు పలుకు పేరది. రెండవ గోలు ఇందర్ సింగు చేసెను. అటుపిమ్మట ఇస్రాయేలుతో 0–2 గోలుల తేడాతో ఓడి, హాంకాంగ్‌ను 3–1 గోలులతో జయించి, చునీ గోస్వామి నాయకత్వమున మనవారు రెండవ స్థానమున నిలిచిరి. ఆంగ్లేయుడైన హారీ రైట్ అప్పటి శిక్షకుడు.

ఈ రజత ఘట్టమును గొప్పగా చెప్పుకొనుటకు ముందు ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పుట ధర్మము. ఆ పోటీలో ఆడిన జట్లు నాలుగే. రాజకీయ కారణములచేతను ఇతర కారణములచేతను పలు దేశములు విరమించుకొనుటచే, మనకు అర్హతా పోటీలు ఆడు అవసరమే కలుగలేదు. కనుక 1964 నాటి ద్వితీయ స్థానమును ఖండమందంతట పోరాడి సంపాదించిన స్థానమని చెప్పజాలము. అయినను అది నిరర్థకమని కొట్టివేయుటయు అన్యాయమే. ఏలయన అప్పటికి రెండుసార్లు ఆసియా కప్పు గెలిచియుండిన దక్షిణ కొరియాను ఓడించిన జట్టది. ఆ శక్తి ఒక్కనాటిలో పుట్టినది కాదు. రెండేండ్లకు మునుపు జకార్తాలో అది లోకమునకు వెల్లడియైనది.

1962 నాటి ఆ ఆసియా క్రీడలలో మన జట్టు పరిస్థితి తలచుకొనిన నేటికిని ఒడలు పులకరించును. ఇస్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వము ప్రవేశము నిరాకరింపగా, అంతర్జాతీయ ఒలింపిక్ సమితిలో భారతీయ సభ్యుడైన జి.డి. సోంధి ఆ అన్యాయమును ప్రశ్నించెను. ఆ కోపము మన క్రీడాకారులపైకి మళ్ళినది. తొలి ఆటలో దక్షిణ కొరియాతో 0–2 గోలులతో ఓడితిమి. థాయిలాండుతో ఆడినపుడు రక్షక పంక్తికి ప్రాణము వంటి జర్నైల్ సింగునకు తల పగిలి ఆరు కుట్లు పడినవి. అట్టివానిని ఇంటికి పంపుటకు బదులు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ముందుకు తెచ్చి, రక్షకుని దాడి పంక్తిలో నిలిపెను. దక్షిణ వియత్నాంపై సెమీఫైనలు 3–2 గోలులతో గెలుచునపుడును, సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో ఫైనలు ఆడునపుడును ఆ కుట్లున్న తల గోలులు చేసినది. దాదాపు లక్షమంది ప్రేక్షకులు మన జాతీయగీతమును సైతము హేళన చేయుచుండగా, పదిహేడవ నిమిషమున పి.కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైల్ సింగు గోలులు చేయగా, 2–1 తేడాతో స్వర్ణము మనదైనది. రహీం అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తుడు. తొమ్మిది మాసములు గడచిన పిమ్మట, 1963 జూన్ 11వ తేదీన, ఆయన కన్నుమూసెను.

ఈ రహీం ఎవరు? హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయుడు. ఆటను పాఠము వలె బోధించినవాడు. బంతిని తన కాళ్ళ నడుమనే త్రిప్పుకొనుచు ఇతరులకు అందనీయని అలవాటును మాన్పుటకై, అట్లు త్రిప్పుట నిషేధించిన పోటీలను యువకులకు నడపెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే ఆడవలెనను నియమముతో వేరు పోటీలు పెట్టెను. నగరమందలి పోలీసు జట్టును తీర్చిదిద్దగా, అది 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. అమ్ముగూడలో ఒక పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులోనే జన్మించిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ వంటివారు జకార్తా ఫైనలులో ఆడినవారిలో నున్నారు. హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా సంతోష్ ట్రోఫీని గెలువగా, 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచెను. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో జపానును ఓడించి కాంస్యము తెచ్చిన భారత జట్టునకు నాయకుడు హైదరాబాదీయుడైన సయ్యద్ నయీముద్దీన్. 1974లో ఆసియా యువజన పోటీలో ఇరానుతో సంయుక్తముగా విజేతయైన జట్టునకు నాయకుడు హైదరాబాదీయుడే యైన షబ్బీర్ అలీ. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు లభించిన పతకములలో ఆ కాంస్యమే కడపటిది. నగరమున ఈ పరంపర సన్నగిల్లిన కాలమును, ఆసియాలో మన పతనకాలమును ఒక్కటే యగుట కాకతాళీయమని నేను నమ్మజాలను.

1964 తరువాత ఇరువది సంవత్సరముల పాటు ఆసియా కప్పు ప్రధాన పోటీలలో మన పేరు వినబడలేదు. 1984లో యుగోస్లావియా దేశీయుడైన మిలోవాన్ చిరిచ్ శిక్షణలో సింగపూరుకు పోయిన జట్టు నాలుగు ఆటలలో ఒక్క గోలైనను చేయజాలకపోయెను; ఇరానుతో 0–0గా ముగిసిన ఆటయే చెప్పుకొనదగినది. మరి ఇరువది యేడు సంవత్సరములు గడచి 2011లో దోహాకు చేరితిమి, అదియు బలహీన దేశములకై పెట్టిన ఛాలెంజ్ కప్పును 2008లో గెలుచుటచేత. ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా జట్లు మూడు ఆటలలో మనపై పదమూడు గోలులు చేసినవి.

2019లో అబూధాబీలో థాయిలాండుపై 4–1 గోలులతో గెలిచిన దినము ఈ శతాబ్దమున మనకు దక్కిన ఏకైక ఆసియా కప్పు విజయము. సునీల్ ఛెత్రి రెండు గోలులు చేయగా, అనిరుధ్ థాపా, జేజే చెరియొకటి చేసిరి. అటుపిమ్మట యు.ఎ.ఇ.తో ఓడినను, షార్జాలో బహ్రెయిన్‌తో జరిగిన ఆఖరి ఆట సమానమైనచో తదుపరి దశకు చేరియుండెడివారము. తొంబది నిమిషములు గోలు పడక నిలిచితిమి. నిర్ణీత కాలము ముగిసిన పిమ్మట అదనపు నిమిషములలో మన పెనాల్టీ ప్రాంతమున జరిగిన ఒక తప్పిదమునకు శిక్షగా పెనాల్టీ లభింపగా, బహ్రెయిన్ గెలిచినది. దానిని దురదృష్టమని చాలమంది యనిరి. తొంబది నిమిషములును బంతిని దూరముగా తన్నుచు, కాలము గడుపుటకే ప్రయత్నించిన జట్టునకు అట్టి ముగింపు దురదృష్టము మాత్రమే యని నేను చెప్పలేను. 2024 జనవరిలో కతారుకు వెళ్ళి ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా జట్లతో ఆడిన మూడు ఆటలలో గోలు చేయక ఆరు గోలులు సమర్పించుకొన్నాము. మొత్తము మీద ఐదు ఆసియా కప్పులలో పదియారు ఆటలు ఆడి, మూడు గెలిచి, ఒకటి సమానము చేసి, పన్నెండు ఓడినాము.

ఈ లెక్కను మన కన్నుల నుండి దాచుచున్నవి దక్షిణాసియా విజయములు. దక్షిణాసియా ఛాంపియన్‌షిప్‌ను భారతదేశము తొమ్మిదిసార్లు గెలిచినది. 2023లో బెంగళూరులో కువైటుపై పెనాల్టీలలో గెలిచినపుడు దేశమెల్ల పండుగ చేసికొనినది. ఆ గెలుపులు వ్యర్థములని యనను. కాని నేపాలు, మాల్దీవులను ఓడించి పొందు సంతృప్తితో ఖండమున మన స్థానమును కొలుచుకొనుట ఆత్మవంచన. ఆసియా కప్పు ఒక్కటియే ఆ కొలత సరిగా చూపుచున్నది.

క్రికెట్టు మన ఫుట్‌బాల్‌ను మ్రింగివేసినదను వాదము తరచు వినబడును. జపానులో బేస్‌బాల్ ఆటకు గల ఆదరణ తక్కువది కాదు. అయినను 1993లో వృత్తిపర లీగును ప్రారంభించి, పాఠశాలలను, విశ్వవిద్యాలయములను ఆటతో ముడిపెట్టి, వారు అటుపిమ్మట మూడుసార్లు ఆసియా కప్పు గెలిచిరి. విదేశీ శిక్షకుని తొలగించి మరియొకని తెచ్చినచో మార్పు వచ్చునను ఆశయు మనకు అలవాటైనది. శిక్షకుడు జాతీయ శిబిరములో కొన్ని వారములలో చేయగలిగినది స్వల్పము. పన్నెండేండ్ల వయసున నేర్వవలసినది ఇరువది యైదేండ్లవానికి ఆయన నేర్పజాలడు. మన అగ్రశ్రేణి లీగు సైతము 2025లో యాజమాన్య ఒప్పందపు వివాదములలో చిక్కుకొని సకాలమున ప్రారంభము కాకపోగా, 2021–22లో ఆ లీగును గెలిచిన హైదరాబాదు జట్టు నగరమును వీడి ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొనినది. రహీం నగరమునకు నేడు ఆ లీగులో జట్టు లేదు.

కనుక తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములకును, రెండు రాష్ట్రముల ఫుట్‌బాల్ సంఘములకును నా విన్నపము ఇది. కోట్ల వ్యయముతో మరియొక స్టేడియము నిర్మింపవలెనని కోరను. ఆక్రమణలకును, అపార్ట్‌మెంటులకును బలియగుచున్న పాఠశాల మైదానములను మొదట కాపాడుడు. ప్రతి జిల్లాలోను బాలబాలికలకు సంవత్సరము పొడవున, వారమునకొక ఆట చొప్పున లీగు జరుగునట్లు చూడుడు. రెండు వారములలో ముగియు సెలెక్షన్ శిబిరములతో సరిపుచ్చుకొనకుడు. ఆటను బోధించు ఉపాధ్యాయునికి గణితోపాధ్యాయునితో సమానమైన జీతమును, స్థానమును ఇండు. రహీం చేసినది ఇంతకు మించినది కాదు. 2031 ఆసియా కప్పు అర్హతా పోటీలలో ఆడవలసిన క్రీడాకారులలో పలువురు నేడు ఉన్నత పాఠశాలలలో చదువుచున్నారు. వారికి ఆడుకొనుటకు వచ్చే జూన్ నెలలో బడులు తెరచునాటికి మైదానమును, బంతిని, గురువును సమకూర్చుడు.