కాగితము చూచి చదువుట ప్రసంగము కాదు

మన తెలుగు సంఘముల సభలలో వేదిక నెక్కినవారు పలువురు జేబులోనుండి కాగితములు తీసి, తలయెత్తక, గుక్క తిప్పుకొనక చదివి దిగిపోవుచున్నారు. మరికొందరు కాగితము లేకయే మాటలాడుదురు గాని, వేదికమీది పెద్దలను పేరుపేరున సంబోధించుటకే సగము కాలము చెల్లును. వెనుక వరుసలోని పిల్లలు ఒక్కొక్కరే లేచిపోవుదురు. అంతట మనము, నేటి పిల్లలకు భాషాభిమానము లేదని నిందింతుము. ఈ నింద అన్యాయమని మా వాదము. తప్పు చెప్పువారిది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారితోగూడ తక్కినవి మైసూరునకును చేరెను. ఆ వివాదమును తిరిగి త్రవ్వుట మా ఉద్దేశము కాదు. కన్నడము మనకు ఇరుగుపొరుగు భాష, అన్నము పెట్టు భాష. అయినను దాని ఫలిత మొకటి కలదు. మన పిల్లలలో పెక్కురు కన్నడముననో ఇంగ్లీషుననో చదువుకొనుచున్నారు. తెలుగు లిపి రాని బిడ్డకు తెలుగు చేరు త్రోవ చెవి యొక్కటే. ఇంటిలో వినునవి వంటమాటలు, బజారుమాటలు. ఒక ఆలోచనను మొదటినుండి తుదివరకు తెలుగున వినుటకు ఆ బిడ్డకు సభ తప్ప వేరు తావు లేదు. ఆ సభ విసుగు పుట్టించినచో, తెలుగనగా విసుగేయని వాడు నిశ్చయించుకొనును.

“విషయము ముఖ్యముగాని చెప్పుతీరు నటుల పని” యని కొందరు సెలవిత్తురు. పాణినీయ శిక్షను చూడుడు. రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యాడించువాడు, వ్రాతను చూచి చదువువాడు, అర్థ మెరుగనివాడు, గొంతు పెగలనివాడు, ఈ యార్గురును అధమ పాఠకులని అందు చెప్పబడినది. మాధుర్యము, అక్షరస్పష్టత, పదముల విరుపు, సుస్వరము, ధైర్యము, లయ, ఇవి మంచి పాఠకుని గుణములు. వేదవిదులకు వర్తించిన నియమము మన వార్షికోత్సవ వక్తలకు వర్తింపదా?

ఇక నటుల పని యను మాట. బళ్ళారిలో నిలిచి ఈ మాట యెట్లనగలరు? ఇచ్చట సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, సుమనోరమ సభను నడపిన కోలాచలము శ్రీనివాసరావుగారును, బళ్ళారి రాఘవగారును వృత్తిచేత న్యాయవాదులు. కచ్చేరిలో మాటచేత బ్రతికినవారు. తెలుగు నాటకమున పాటలను, పద్యములను విరివిగా ప్రవేశపెట్టినవారు ధర్మవరమువారు. వారి మేనల్లుడైన రాఘవగారు (1880–1946) ఆ పద్యమునకు రాగములు సాగదీసి ‘వన్సుమోరు’లు వేయించుకొను వాడుకను నిరసించి, అర్థము ముందు నిలుచునట్లు పలికిరి. ఆయన పేర వెలసిన కళామందిరము ఈ యూరనే యున్నది. ఆయన పటమునకు పూలమాల వేసి, ఆ వెంటనే కాగితము విప్పుట మనకు తగునా?

“గ్రాంథికభాష నోటికి రాదు, కనుక చదువుచున్నాము” అనువారు గలరు. ఈ వ్యాసమును మేమును గ్రాంథికముననే వ్రాయుచున్నాము. ఇది కంటికి. గుమాస్తాగిరిలో కాగితములనడుమ బ్రతికిన మాకు కాగితముపై ద్వేషము లేదు. ఫైలులో అర్థముగాని వాక్యమును మరల చదువవచ్చును. సభలో జారిన మాట తిరిగి రాదు. కావున వేదికపై శిష్టులు మాటలాడుకొను తెలుగే ఉచితము.

వక్తలకు మా మనవి యిది. నాలుగు అంశములను చీటిపై వ్రాసికొనుడు. మొదటి వాక్యమును, తుది వాక్యమును మాత్రము కంఠస్థము చేయుడు. ఇంటిలో బిగ్గరగా చెప్పి, పదేండ్ల పిల్లవానిని ఏమి తెలిసినదని అడుగుడు. మైకును ఊదక, తట్టక, జానెడు దూరమున నిలువుడు. అన్నిటికంటె ముఖ్యముగా వాక్యము చివరను గొంతు దింపకుడు. తెలుగున క్రియ సామాన్యముగా తుదను వచ్చును. “పిల్లలను పంపవలెను” అన్నను, “పిల్లలను పంపరాదు” అన్నను భేదము ఆ చివరనే యున్నది. దానిని మ్రింగినవాడు తన అభిప్రాయమునే మ్రింగినవాడగును.

కార్యవర్గములకును ఒక మాట. పది నిముషములు కాగానే గంట కొట్టుడు, అధ్యక్షులకును కొట్టుడు. పెద్దలు నొచ్చుకొందురను భయమున పిల్లలను పోగొట్టుకొనరాదు. ప్రతి సభలోను ఇద్దరు పిల్లలచేత అయిదేసి నిముషములు మాటలాడింపుడు. వారి మాటలో కన్నడపు యాస దొరలినచో నవ్వకుడు. అది ఈ నేల యాస. వారు మాటలాడునప్పుడు మన పెద్దలు ముందు వరుసలో కూర్చుండి, కడవరకు లేవక వినవలెను.