మూడవ అంతస్తు

సోదరీమణులారా, ఈ మాసమున ఊరగాయల సంగతి వ్రాయవలెనని తలచియుంటిమి. కాని మనస్సొకచోట నుండగా చేయి మఱియొకచోట వ్రాయజాలదు. మేము ఈ ఇల్లు వదలి పోవనున్నాము. ఈ మాట ప్రక్క ఫ్లాటువారికి ఇంతవఱకును చెప్పలేదు. వారు ఈ పుట చదివి తెలిసికొందురేమో. అదియు మంచిదే, మాకు నోట మాట వచ్చుట లేదు.

మా ఇల్లు చెన్నపట్టణమున త్యాగరాయనగరులో, పానగల్ పార్కునకు నడిచిపోదగిన దూరమున నున్నది. పేటకు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు. పార్కునకు 1921 మొదలు 1926 వఱకు చెన్నరాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజావారి పేరు. ఇద్దఱును తెలుగువారే యని మా అత్తగారు వచ్చినవారి కెల్లరకును చెప్పుచుందురు, వారు తమ పుట్టింటి చుట్టము లైనట్లు. 2012లో ఇక్కడకు అద్దెకు వచ్చితిమి. మొత్తము ఎనిమిది ఫ్లాట్లు. మాది మూడవ అంతస్తు, ఆపైన డాబాయే. లిఫ్టు లేదు. మెట్లు 54.

వంటింటి కిటికీ తూర్పు ముఖము. కాఫీ కలుపు వేళకు ఎండ వచ్చి పొయ్యి గట్టుమీద పడును. వేసవిలో మధ్యాహ్నము దాటగనే సముద్రపు గాలి వచ్చును. ఆ గాలికి ముందుగది తలుపులు తెఱచి, నేలమీద చాప వేసికొని పడుకొన్న సుఖము మఱి యే ఇంటను మే మెఱుగము. డాబా నెత్తిమీదనే యుండుటచే వైశాఖమున ఇల్లు కుంపటి యగుమాట నిజమే. కాని వడియములు పెట్టుటకు, అప్పడము లెండబెట్టుటకు అంత వసతి క్రిందివారి కెవ్వరికిని లేదు.

వసారాలో ఒక త్రాడు, త్రాటికి వెదురుబుట్ట. ఉదయమున కూరల ఆమె వీధిలో నిలిచి కేక వేయును, బుట్ట దింపుదుము. తోటకూర, పూవులు, చిల్లర, ఒక్కొక్కనాడు ఆమెకు ఒక గ్లాసు మజ్జిగ, అన్నియు ఆ త్రాటిమీదనే రాకపోకలు సాగించును. త్రాడు పట్టుట అత్తగారి యధికారము. బేరము కూడ పైనుండియే, సగము తెలుగు, సగము అరవము. వీధి వీధి యంతయు వినవలసినదే.

ఈ మెట్లు మాకు మేలును చేసినవి. 2015 డిసెంబరు మొదటి దినములలో నగరమును వఱద ముంచినప్పుడు క్రింది ఇండ్లలో మోకాలిలోతు నీరు నిలిచెను. క్రింది ఫ్లాటువారు బియ్యపు డబ్బాతోను, పసిబిడ్డతోను మా ఇంటికి వచ్చి రెండు రాత్రులుండిరి. 2019 వేసవిలో నగరమునకు నీరిచ్చు పెద్ద చెఱువులు దాదాపుగా ఎండిపోయినప్పుడు అవే మెట్లు మాకు శిక్ష యైనవి. లారీ నీరు క్రింది తొట్టిలో పోయుదురు, మోటారు పాడైనదా, బిందెలతో 54 మెట్లెక్కవలసినదే. మంచి కాలమున కుళాయిలో వచ్చు నీటిలో కొంత తెలుగుగంగ నీరు. శ్రీశైలమునుండి బయలుదేఱి, సోమశిల, కండలేరు జలాశయములను దాటి, 1996 మొదలుగా పూండికి చేరుచున్నది. మా అత్తగారిది నెల్లూరు. "మా యూరి మీదుగా వచ్చిన నీళ్లమ్మా," అని తొలి గ్లాసు కన్నుల కద్దుకొని త్రాగుదురు. నీళ్లు తమ యూరినుండి వచ్చుచున్నవి గాని తాము ఆ యూరికి పోజాలకున్నారని అప్పుడు మాకు తోచలేదు.

తోచిన దెప్పుడనగా, క్రిందటి సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు. గుమ్మము ప్రక్క చెప్పుల బీరువాలో అత్తగారి చెప్పులు దొరికినవి. కొని రెండేండ్లు దాటినది. త్రిప్పి చూచితిమి. అడుగున అంగడివాడు అంటించిన ధర కాగితము చెక్కు చెదరలేదు.

ఆమె మోకాళ్లు అరిగినవని వైద్యుడు చెప్పియే యుండెను, మేమును ఎఱుగుదుము. ఆ రెండేండ్లలో ఆమె రెండుమార్లు క్రిందికి దిగిరి, రెండుసారులును ఆసుపత్రికే. కుర్చీలో కూర్చుండబెట్టి, మావారును కాపలావాడును చెఱియొక ప్రక్క పట్టి దింపిరి. తోటకూర ఎక్కి దిగుచున్న ఇంట ఆమె ఎక్కలేదు, దిగలేదు. అడిగితిమి. "నాకేం తక్కువమ్మా? గాలి బాగుండాది, వెలుతురు బాగుండాది," అనిరి. మేము ఇంటివారికందఱకును చెప్పుకొను పొగడ్తయే అది. మా మాటనే మాకు తిరిగి యిచ్చిరి.

లిఫ్టు మాట కదపితిమి. మెట్ల నడుమ చోటు లేదు, బయట కట్టవలెనన్న సొమ్ము చాలదు. క్రిందివారికి లిఫ్టుతో పనియేమి యన్నారు; ఆ మాట కాదనలేము. ఈ పేటలోనే నేలమీది ఇంటికై వెదకితిమి. క్రొత్తగా కట్టువానిలో క్రింది భాగమంతయు కార్లు నిలుపుటకే చెల్లిపోవుచున్నది. మనుష్యుల కాపురము మొదటి అంతస్తునుండియే. లిఫ్టున్న ఇండ్ల అద్దె మా యోపికకు మించినది.

కావున నెల్లూరు. మామగారు కట్టించిన ఇల్లు, మూడే మెట్లు. వంటిల్లు చీకటి, దోమలు విస్తారము, సముద్రపు గాలి ఇంత ధారాళముగా రాదు. పెన్న యొడ్డున రంగనాయకస్వామి కోవెల కలదు, ఆటోలో పోయి రావచ్చును. మావారు ఉద్యోగమునకై ఇక్కడనే ఒక గదిలో నుండి శనివారములకు రైలులో వచ్చెదరు. ఈ వయస్సున వేఱు కాపుర మేమిటని మా తల్లిగారి కోపము. మేమును ఒక రాత్రి ఏడ్చితిమి, దాచుట యెందులకు?

అద్దె ఇండ్లలో నున్న సోదరీమణుల కొక్కమాట. ఈ నగరమున పూర్వము పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకొనుట వాడుక. 2019 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చిన తమిళనాటి చట్టము, వేఱు ఒడంబడిక లేనియెడల, మూడు నెలల అద్దెకు మించరాదనుచున్నది. మాది పాత ఒడంబడిక. ఇచ్చిన సొమ్మునకు రసీదు పదిలపఱచుకొనుడు. ఖాళీ చేయుదుమన్న సంగతి వ్రాతమూలముగనే తెలుపుడు.

మొన్న వంటింటి కుళాయి కారుచుండగా మార్పించితిమి. "పోవు ఇంటికి క్రొత్త కుళాయియా?" యని మావారు నవ్విరి. కరివేపాకు కుండీకి ఎరువును వేసితిమి. దానిని ప్రక్కవారి కిచ్చెదము.

నిన్న అత్తగారు వసారాలో త్రాడు చుట్టుచు, "బుట్ట గూడా తీసకపోదామా?" యని యడిగిరి. అక్కడ వీధి గుమ్మములోనే కూరలు కొనవచ్చును గదా యంటిమి. ఆమె కొంతసేపు వీధివంక చూచి, "ఆ కూరలామెకు ఎవరు చెప్తారు?" అనిరి.

శుక్రవారము ఆమె వచ్చినప్పుడు చెప్పుదమనుకొన్నాము. అత్తగారిని కుర్చీలో క్రిందికి దింపి, ఎదుటనే చెప్పించుటకు కాపలావానితో మాట్లాడి యుంచితిమి.