‘జ్ఞా’ దెబ్బకి ఐఫోన్ క్రాష్.. మరి ఆండ్రాయిడ్ ఎలా తట్టుకుంది? పలివెల నుంచి కువైట్ దాకా తెలుగు అక్షరం వెనక కథ

గల్ఫ్‌లో మనవాళ్లు లేని ఊరు కోనసీమలో అరుదు. కొత్తపేట మండలం పలివెలలో ఒకరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘ఉమా కొప్పులింగేశ్వర స్వామి గుడికి వెళ్లొచ్చాం’ అని టైప్ చేసి పంపితే, కువైట్‌లో ఐఫోన్ పట్టుకున్న వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ఇందులో వింతేముంది అంటారా? ఆ రెండు ఫోన్లలో నడిచే సిస్టమ్‌లు వేరు. ఆండ్రాయిడ్‌ది లినక్స్ కెర్నల్. ఐఫోన్‌ది బీఎస్‌డీ వారసత్వం ఉన్న డార్విన్. రెండూ యూనిక్స్ తరహావే. అన్నదమ్ముల పిల్లల్లాగా పోలికలుంటాయి, అలవాట్లు మాత్రం కలవవు.

అందుకే ఒకదాని కోసం రాసిన ప్రోగ్రామ్ రెండోదానిపై నేరుగా నడవదు. ఈ తేడాలు తగ్గించడానికి 1988లోనే పోసిక్స్ అనే ప్రమాణం వచ్చింది. అయినా సందులు మిగిలాయి. వాటిని పూడ్చేవే పోర్టబిలిటీ లైబ్రరీలు. యాప్ రాసేవాళ్లు లైబ్రరీతో మాట్లాడతారు, కింద ఉన్న సిస్టమ్‌తో తిప్పలు లైబ్రరీ పడుతుంది. గ్నూ ప్రాజెక్టు వాళ్ల గ్నూలిబ్, గ్నోమ్ వాళ్ల జీలిబ్ ఇలాంటివే.

తెలుగుకి వచ్చేసరికి అసలు పేరు హార్ఫ్‌బజ్. ‘పలివెల’ రాయడం తేలికే. ‘స్వామి’ దగ్గరే చిక్కు. ‘స్వా’ ఫోన్ మెమరీలో స, పొల్లు, వ, దీర్ఘం అనే నాలుగు ముక్కలుగా ఉంటుంది. దీర్ఘం ‘వ’ తర్వాత వస్తుంది, కానీ తెరపై అది ‘స’ తలకి చేరాలి, ‘వ’ ఒత్తుగా కిందకి దిగాలి. ఈ కూర్పు పని హార్ఫ్‌బజ్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్.. అన్నీ దాన్నే వాడుతున్నాయి. ఒకప్పుడు ఇదే కోడ్‌కి పాంగో ఒక కాపీ, క్యూటీ ఒక కాపీ పెట్టుకుని ఎవరి మరమ్మతులు వాళ్లు చేసుకునేవాళ్లు. 2006లో వాటిని ఒకటి చేశారు. తర్వాత బెహదాద్ ఎస్ఫహబోద్ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. తెలుగు సరిగ్గా వస్తోందా లేదా అని 9 లక్షలకు పైగా పదాలతో మైక్రోసాఫ్ట్ కూర్పుతో పోల్చి చూశారు. తేడా వచ్చినవి పదుల్లోనే!

ఇక యాపిల్ దారి వేరు. తన కోర్‌టెక్స్ట్ తనదే. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ వస్తే చాలు ఐఫోన్ క్రాష్ అంటూ ప్రపంచమంతా వార్తలొచ్చాయి. నిజానికి మామూలు ‘జ్ఞానం’ ఏ పాపం ఎరగదు. ‘ఞ’కి, దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు దూరితేనే ప్రమాదం. ‘ఫోన్‌లో’ అన్నప్పుడు ‘న్’కి ‘లో’ ఒత్తుగా అంటుకోకుండా అడ్డుపడేది కూడా ఆ గుర్తే. దీర్ఘాన్ని వెనక్కి తీసుకెళ్లి తలకి తగిలించే చోట కోర్‌టెక్స్ట్ తడబడి ఉండొచ్చు, మెమరీ చెడింది. మెసేజ్ నోటిఫికేషన్‌గా వచ్చినా చాలు, ఫోన్ హోమ్ స్క్రీన్ పడిపోయేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకే ఊరట. మ్యాక్, వాచ్, టీవీలకూ విడిగా అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది.

అదే మెసేజ్‌తో ఆండ్రాయిడ్‌కి ఏమీ కాలేదు. అలాగని హార్ఫ్‌బజ్‌లో తప్పులుండవని కాదు. ఇన్ని కంపెనీలు ఒకే కోడ్‌ని వాడుతుంటే తప్పు త్వరగా దొరుకుతుంది, ఒకచోట దిద్దితే అందరికీ పనికొస్తుంది. కోర్‌టెక్స్ట్ కోడ్ బయటివాళ్లకి కనిపించదు. ‘జ్ఞా’ కారణాన్ని కూడా బయటి ఇంజనీర్లు రకరకాల అక్షరాలు మార్చి మార్చి క్రాష్ చేసి ఊహించాల్సి వచ్చింది.

పోర్టబిలిటీ లేకపోతే ఎలా ఉంటుందో డీటీపీ సెంటర్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన శుభలేఖ మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం వస్తుంది. అక్కడ తెలుగు బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చున్నాయి మరి! ఆ ఫాంట్ లేని చోట అది తెలుగు కాదు.

అయితే అందరూ ఒకే కొమ్మ మీద కూర్చోవడంలో భయమూ ఉంది. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో బ్యాక్‌డోర్ బయటపడింది. దాన్ని లోపలికి తెచ్చే మీట ఎక్కడ దాచారో తెలుసా? ప్రోగ్రామ్‌ని ఏ సిస్టమ్‌కి ఎలా తయారుచేయాలో ముందుగా పరీక్షించే స్క్రిప్టుల్లో, అదీ గ్నూలిబ్ ఫైల్ పేరు పెట్టుకుని! వేల లైన్ల ఆ స్క్రిప్టులు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్‌కి అనుమానం రాబట్టి దొరికింది. ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి చూసుకున్నది దాదాపు ఒక్కరే.

ఇంకో మెలిక. హార్ఫ్‌బజ్‌లో ఇవాళ తప్పు దిద్దినా, పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కి అది చేరాలంటే ఫోన్ కంపెనీ అప్‌డేట్ ఇవ్వాలి. చాలా చౌక ఫోన్లకి రెండేళ్లు దాటితే అది అనుమానమే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మాత్రం తమ కాపీని వెంట తెచ్చుకుంటాయి. అందుకే పలివెలలో ఒకే పాత ఫోన్‌లో ఒకే తెలుగు మాట బ్రౌజర్‌లో ఒకలా, ఎస్సెమ్మెస్‌లో ఇంకోలా కనిపించే అవకాశం ఉంది.