పోలీసు కారు దాక్కోవచ్చు.. ఆపేటప్పుడు మాత్రం కాదు!

అమెరికాలో ఉన్న ఫ్రెండో, కజినో మీకు ఉంటే ఒకసారి అడిగి చూడండి. హైవే మీద వెనకాల వస్తున్న నల్ల ఎస్‌యూవీ ఫ్యామిలీ కారా, పోలీసు కారా అన్నది ఎలా కనిపెడతారని. ‘లైట్లు వెలిగాకే తెలుస్తుంది’ అనే అంటారు ఎక్కువ మంది. పైన లైట్ల పట్టీ ఉండదు, తలుపుల మీద రాత ఉండదు. వీటినే అన్‌మార్క్‌డ్ కార్లు అంటారు.

వీటి వీడియోలు చూస్తే మనకు స్పీడు, సీక్రెట్, కాస్త సినిమా ఫీల్ కనిపిస్తాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కారు ఒకదానికొకటి పడని రెండు పనులు చేయాలి. లైట్లు వేసే క్షణం వరకు అది పోలీసు కారని ఎవరికీ తెలియకూడదు. వేసిన మరుక్షణం ఎవరికీ అనుమానం మిగలకూడదు. మొదటి పని మీద పెట్టినంత బుర్ర, రెండో పని మీద పెట్టడం లేదన్నది నా అభిప్రాయం.

కావాల్సింది స్పీడొక్కటే కాదు.. ఓపిక

ముందు ఎంపిక సంగతి చూద్దాం. పోలీసు కారు అనగానే మనకు ఛేజింగే గుర్తొస్తుంది. నిజానికి దాని జీవితంలో చాలా భాగం రోడ్డు పక్కన ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడటమే. ఏసీ, రేడియో, ల్యాప్‌టాప్, కెమెరా, లైట్లు అన్నీ నడుస్తూనే ఉంటాయి. మీటర్ మీద మైళ్లు పెరగవు కానీ ఇంజిన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. అందుకే తన పోలీసు వాహనాల విషయంలో ఫోర్డ్ ఒక లెక్క చెబుతుంది. గంటసేపు అలా నిలబడితే ఇంజిన్‌కి సుమారు 33 మైళ్లు నడిచినంత అరుగుదల. మైళ్లతో పాటు ఇంజిన్ గంటలను లెక్కపెట్టే మీటర్ కూడా ఆ కార్లలో ఉంటుంది.

ఈ అవసరం నుంచే మార్పులన్నీ పుడతాయి. 200 ఆంపియర్లు దాటిన ఆల్టర్నేటర్, పెద్ద కూలింగ్ వ్యవస్థ, గట్టి బ్రేకులు, సస్పెన్షన్ అలా వచ్చినవే. 2020 మోడల్‌తో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ పోలీసు వెర్షన్‌కి హైబ్రిడ్ కూడా వచ్చింది. నిలబడి ఉన్నప్పుడు పరికరాలను బ్యాటరీ నడిపిస్తుంది, అవసరమైనప్పుడే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. హార్స్‌పవర్ అంకెలు చూస్తూ కూర్చుంటే ఇలాంటి ఆలోచన రాదు. కారు రోజంతా ఏం చేస్తోందో గమనిస్తేనే వస్తుంది.

మిషిగన్ స్టేట్ పోలీసులు ఏటా కొత్త పోలీసు వాహనాలను పరీక్షించి ఫలితాలు బయటపెడతారు. యాక్సిలరేషన్, టాప్ స్పీడ్, బ్రేకింగ్‌తో ఆగరు. సీటు సౌకర్యంగా ఉందా, రేడియో, స్విచ్‌లు చేతికి అందుతున్నాయా అని కూడా చూస్తారు. చిన్న ఊరి పోలీసు విభాగం కూడా ఆ రిపోర్టు చదివి తనకు సరిపడే కారు ఎంచుకోవచ్చు. షెవర్లే టాహోనే తీసుకోండి. వెంటాడే పనికి ఒక వెర్షన్, వెంటాడని పనికి ఇంకో వెర్షన్ పోలీసులకు అమ్ముతారు. సాక్షుల ఇళ్లకు తిరిగే డిటెక్టివ్‌కు రేసు కారు ఎందుకు?

వేషం బయటపడేది ఇక్కడే

చాలా ఏళ్లపాటు అమెరికా పోలీసు కారంటే ఫోర్డ్ క్రౌన్ విక్టోరియానే. గట్టి ఫ్రేము, 4.6 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్. కానీ చివరి సంవత్సరాల్లో ఆ కారు మామూలు జనానికి అమ్మనేలేదు. పోలీసులు, ట్యాక్సీల వాళ్లే కొనేవారు. మరి దాని మీద రాతలు తీసేసి ‘ఎవరూ గుర్తుపట్టరు’ అనుకుంటే? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే! ఆ ఆకారం అద్దంలో కనిపిస్తే చాలు, జనం బ్రేకు మీద కాలు వేసేవారు. 2011 సెప్టెంబరులో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క మారింది. ఆ ఊరి రోడ్ల మీద ఎక్కువగా తిరిగే కారే మంచి అన్‌మార్క్‌డ్ కారు. ఎక్స్‌ప్లోరర్లు, టాహోలు, డాడ్జ్ చార్జర్లు అలా వచ్చాయి. ఆ తర్వాత ఆనవాళ్లు చెరిపేస్తారు. స్టీల్ చక్రాలకు పూర్తి కవర్లు వేస్తారు. డ్రైవర్ తలుపు దగ్గర ఉండే స్పాట్‌లైట్ తీసేస్తారు. రబ్బర్ మ్యాట్ స్థానంలో కార్పెట్, వినైల్ సీటు స్థానంలో బట్ట సీటు వస్తాయి. ఎల్ఈడీ లైట్లను గ్రిల్ వెనక, హెడ్‌లైట్ల లోపల, ముందు అద్దం పైఅంచున, వెనక అద్దం దగ్గర దాచేస్తారు. సైరన్ స్పీకర్ గ్రిల్ వెనక్కి పోతుంది. ఈ పనంతా చాలాసార్లు ఫ్యాక్టరీలో జరగదు. అప్‌ఫిట్టర్లు అని వేరే కంపెనీలు ఉంటాయి, వాళ్లు చేస్తారు.

పూడ్చని రంధ్రం

అందంగా దాస్తే సరిపోదని చెప్పే సంఘటన ఒకటి ఉంది. 2017లో టెక్సాస్‌లోని ఆస్టిన్ పోలీసులు దాదాపు 400 ఎక్స్‌ప్లోరర్లను రోడ్డు మీద నుంచి తీసేశారు. కారు లోపలికి కార్బన్ మోనాక్సైడ్ వస్తోందన్న భయం. రంగు, వాసన లేని విషవాయువు అది. అదే సమయంలో ఫోర్డ్ ఒక విషయం చెప్పింది. కొన్న తర్వాత బయటివాళ్లు పోలీసు పరికరాలు బిగించిన కొన్ని కార్లలో, వెనక భాగాన సరిగా పూడ్చని రంధ్రాలు కనిపించాయని. లైటు వైరు కోసం చేసిన రంధ్రం కూడా ఇంజినీరింగ్ నిర్ణయమే. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో ల్యాప్‌టాప్ స్టాండ్ బిగించడమూ అంతే. ఉన్న ప్రొడక్టుకి ఏదో ఒకటి కలిపే ఉద్యోగం రేపు మీకూ రావచ్చు. మీరు కలిపిన దాని వల్ల పాతది ఎక్కడ దెబ్బతింటుందో చూడటం కూడా మీ పనే.

రెండో పని సంగతేంటి?

ఇక అసలు గొడవ. న్యూయార్క్ స్టేట్ పోలీసులు మామూలు ట్రాఫిక్‌లో కలిసిపోయే కార్లను టికెట్లు రాయడానికే వాడతారు. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూసేవాళ్లను పట్టుకోవడానికి అవి పనికొస్తాయన్నది వాళ్ల వాదన. అది నిజమే. పోలీసు కారు కనిపిస్తే ఎవడైనా ఫోన్ ఒళ్లో దాచేస్తాడు.

కాలిఫోర్నియా చట్టం వేరే దారి పట్టింది. ట్రాఫిక్ రూల్స్ అమలే ప్రధాన డ్యూటీ అయిన అధికారి పూర్తి యూనిఫాంలో ఉండాలి, వాడే వాహనానికి నిర్దేశించిన ప్రత్యేక రంగు ఉండాలి. అక్కడి హైవే పెట్రోల్ మధ్యే మార్గం కూడా చూపించింది. త్వరగా కంటపడని 100 డాడ్జ్ డురాంగోలు తెచ్చింది కానీ, వాటి మీద తమ గుర్తు ఉంచింది. ఇంగ్లండ్‌లో 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం, నడుస్తున్న కారును ఆపమనే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకే ఉంది. అంటే కారు దాక్కున్నా మనిషి దాక్కోకూడదు.

నా ఓటు ఈ రెండో వైపుకే. ఎందుకంటే గ్రిల్ లైట్లు, సైరన్ ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనేయొచ్చు. రాత్రి పదకొండింటికి పార్ట్‌టైమ్ జాబ్ నుంచి ఒంటరిగా వస్తున్న తెలుగమ్మాయి వెనక ఒక మామూలు కారు ఎర్ర, నీలి లైట్లు వేసిందనుకోండి. ఆగితే ఒక భయం, ఆగకపోతే ఇంకో భయం. అసలు పోలీసు కారు ఎంత బాగా దాక్కుంటే, దొంగ పోలీసుకి అంత సులువు.

నిఘాకి, డ్రగ్స్ ముఠాల వెంట తిరగడానికి అన్‌మార్క్‌డ్ కారు కావాల్సిందే, కాదనను. ట్రాఫిక్ విషయంలో మాత్రం చూసే పని దానికి, ఆపే పని గుర్తులున్న కారుకి అప్పగించాలి. అలా కుదరని చోట కనీసం యూనిఫాం, నాలుగు వైపుల నుంచీ కనిపించే లైట్లు, వెలుతురు పడితే మెరిసే స్టిక్కర్లు తప్పనిసరి చేయాలి. ‘మరి గుర్తులుంటే చూసి అందరూ స్పీడు తగ్గించేస్తారుగా’ అని మీరు అడగొచ్చు. తగ్గిస్తే మంచిదే కదా! మనకు కావాల్సింది టికెట్లా, ప్రాణాలా?

అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. అనుమానం వస్తే పారిపోవద్దు, స్పీడు పెంచొద్దు. వేగం తగ్గించి హజార్డ్ లైట్లు వేయండి. 911కి ఫోన్ చేసి, మీ వెనక ఉన్నది నిజంగా పోలీసేనా అని అడగండి. వెలుతురు, మనుషులు ఉన్న దగ్గరి చోట ఆపండి. ఆగాక చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. అక్కడి పోలీసు విభాగాలు కూడా చాలావరకు ఇదే చెబుతాయి.

ఇక్కడే ఉండి ఆటోమొబైల్ రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకూ ఇది దూరపు కథేం కాదు. డాడ్జ్ మాతృసంస్థ స్టెలాంటిస్‌కు హైదరాబాద్‌లోనే డిజిటల్ హబ్ ఉంది. రేపు అలాంటి చోట మీ ముందుకు ఒక రిక్వైర్‌మెంట్ వస్తుంది. అందులో కొనేవాడికి ఏం కావాలో రాసి ఉంటుంది. ఆ వస్తువుకి ఎదురుపడే మనిషికి ఏం కావాలో మాత్రం చాలాసార్లు ఎవరూ రాయరు. ఆ లైను మీరే రాయండి.